కారొస్తే పిల్లలొస్తారు

జనవరి 8

వదినగారికి నమస్కారాలు.

పెళ్ళయి మూడు నెలలైనా మనం ఫోనులో నిమిషానికి మించి మాట్లాడుకున్నది లేదు. మీరు "హలో" అనేలోపు అటు సుత్తి దెబ్బలు, నేను "బాగున్నారా" అనేలోపు ఇటు కౌంటరు ముందు కస్టమరు. అందుకే ఈ ఉత్తరం. కంపెనీ సర్వీసు సెంటరులో ఇరవై రెండేళ్ళుగా కార్లకు ఎస్టిమేట్లు రాస్తున్నదాన్ని, నోటిమాట కంటే రాత మీదే నాకు నమ్మకం. మన రెండు ఊళ్ళకూ స్పేర్ పార్టులు వేసే వ్యాను గురువారం మీ గ్యారేజీకి వస్తుందట కదా. ఆయిల్ ఫిల్టర్ల పెట్టెలో పెట్టి అందిస్తానని డ్రైవరు మాటిచ్చాడు.

సంగతేమిటంటే, పిల్లల కారు క్లచ్ జారుతోంది. మా అమ్మాయి, అదే మీ కోడలు, వచ్చే ఒకటో తారీఖున ఇంటింటికీ తిరిగి రోగులను చూసే నర్సు ఉద్యోగంలో చేరాలి. కారు లేకపోతే ఆ ఉద్యోగమే లేదు. మొన్న శనివారం ఇద్దరూ కారు మా దగ్గరికి తెచ్చారు. నేనే ఎస్టిమేట్ రాశాను. క్లచ్ సెట్టు, ఫ్లైవీలు, కేబులు, లేబరు కలిపి ముప్పై ఎనిమిది వేల ఆరువందలు. మీరూ ఇదే వృత్తిలో ఉన్నవారు, మీ చెవిన వేయకుండా పని మొదలుపెట్టడం మర్యాద కాదని కాపీ ఒకటి జతచేశాను.

రెండున్నర గంటల ప్రయాణమైనా పిల్లలు ఆదివారం సాయంత్రం దాకా ఉన్నారు. మీ అబ్బాయి మా సోఫాలో కూర్చుని నాలుగు గంటలు కబుర్లు చెప్పాడు. ఇల్లంతా కళగా ఉంది.

మీ వియ్యపురాలు


జనవరి 14

వదినగారికి,

మీ బిల్లు చేరింది. కింద నల్లగా, లావుగా "ఏడు రోజుల్లో చెల్లించవలెను" అని ఉన్నది కూడా చదివాను. అబ్బాయి తరఫువాళ్ళం కాబట్టి మేమే కట్టాలని మీ ఉద్దేశమైతే నోరు తెరిచి ఒక్క మాట అంటే సరిపోయేది. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలని ఊరికే అనలేదు పెద్దలు.

అయినా ఆ ఫ్లైవీలు ఎందుకండీ? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? మావాడికి ఫోను చేశాను, శనివారం కారు ఇక్కడికి తెచ్చాడు. గేరుబాక్సు దించి నా కళ్ళతో చూశాను. ఫ్లైవీలు అద్దంలా ఉంది. క్లచ్ ప్లేటు ఒక్కటే అరిగింది. మార్చి పడేశాను. మీ కొటేషనుకు నా కొటేషను: మొత్తం పదకొండు వేలు. అదీ బయటి కస్టమరైతే. మా ఇంటి కారు కాబట్టి ప్లేటు ఖరీదు మాత్రమే, ఆరున్నర వేలు.

మా గ్యారేజీకి ఒక పద్ధతుంది. ఇక్కడ ఆయన ఫోనులెత్తుతారు, పద్దులు రాస్తారు. కారు కింద దూరేది నేను. పాత పార్టు అవతలివాళ్ళ చేతిలో పెట్టందే నేను డబ్బు ముట్టుకోను. ఎస్టిమేట్ రాసింది మీరు కాబట్టి పాత ప్లేటు మీకే పంపిస్తున్నాను. తూకం ఎక్కువని వ్యాను డ్రైవరు సణిగాడు. సర్దిచెప్పాను.

పిల్లలు రెండు రోజులున్నారు. మీ అమ్మాయి నా పక్కన కూర్చుని నట్లన్నీ సైజుల వారీగా డబ్బాల్లో వేసింది. పిల్ల బంగారం. మీ మీద కోపం దాని మీద చూపించను, భయపడకండి.

అబ్బాయి తల్లి


జనవరి 20

వదినగారికి,

మీ పార్శిలు మా మేనేజరు ఎదుటే విప్పాను, ఏదో బహుమతి అనుకుని. తెల్ల యూనిఫాం మీద నల్ల మసి. కౌంటరు మీద గ్రీజు. కస్టమర్లు ముక్కులు మూసుకున్నారు. వియ్యపురాలికి పాత ఇనుము పంపించారంటే ఇక మీ దృష్టిలో నా విలువ ఎంతో తెలిసిపోయిందని ఆ పూటంతా కుమిలిపోయాను. మీ పద్ధతి గురించి రాసిన ఉత్తరం పెట్టె అడుగున ఉంది. అది సాయంత్రం గానీ దొరకలేదు.

నేను పంపింది బిల్లు కాదు మహాతల్లీ, ఎస్టిమేట్. "చెల్లించవలెను" అన్నది అన్ని కాగితాల మీదా అచ్చు వేసి ఉంటుంది. మా సొంత బాత్రూం పైపు గురించి మేనేజరుకు ఆ కాగితం మీద చీటీ రాసినా అదే ఉంటుంది.

ఇక న్యాయం న్యాయమే. ఆ ప్లేటు మా ఫోర్‌మన్‌కు చూపించాను. తిప్పి తిప్పి చూసి, "ఫ్లైవీలు అక్కర్లేదమ్మా, చేసినవాళ్ళెవరో గానీ చెయ్యి మంచిది" అన్నాడు. మా పుస్తకంలో క్లచ్‌కు ఫ్లైవీలు జత. పుస్తకంలో ఐదు గంటల లేబరంటే మూడు గంటల్లో అయినా ఐదే రాస్తాం. నేను రాసింది పుస్తకం ప్రకారం, మీరు చేసింది కారు ప్రకారం. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అయితే మీ దగ్గర్నుంచి వెళ్ళినప్పటినుంచీ కారులో ఎయిర్‌బ్యాగు దీపం ఆరడం లేదట! సీటు కింద చెయ్యి పెట్టారా? అలాంటివాటికి మా యంత్రం కావాలి. శనివారం ఇక్కడికే రమ్మని చెప్పేశాను.

మనసులో మాట చెప్పేస్తాను. నాకు కోపం వచ్చింది ప్లేటుకు కాదు, పిల్లలు ఆ శనివారం మీ ఇంట్లో ఉన్నందుకు. కారు ఎక్కడికొస్తే పిల్లలక్కడికొస్తారు.

మీ వియ్యపురాలు (మసి ఇంకా వదల్లేదు)


ఫిబ్రవరి 3

వదినగారూ,

బిల్లు కాదని తెలిశాక ఆయన నన్ను చూసి నవ్విన నవ్వుకి పైన రేకులు ఎగిరిపోవలసింది. తప్పు నాదే. చెంపలేసుకున్నాను, చేతులకు గ్రీజు ఉండగానే. ఆ మొహంతోనే రోజంతా తిరిగాను.

ఆ ఎయిర్‌బ్యాగు దీపం గురించి కూడా నిజమే రాస్తాను. నేను రెండు గంటలు వెతికి వదిలేశాను. మీ యంత్రం పది నిమిషాల్లో సీటు కింది వైరు పట్టుకుందని మావాడు చెప్పాడు. సరే, ఒకటి మీకు. కానీ యంత్రమూ దేవుడు కాదు. పోయిన ఏడాది ఒకాయన కారు, మన పిల్లల కారు లాంటిదే, దారిలో ఆగిపోతోందని మీలాంటి ఒక పెద్ద సెంటరు వాళ్ళు పెట్రోలు పంపు మార్చి పద్నాలుగు వేలు తీసుకున్నారు. వారానికి మళ్ళీ ఆగింది. నేను స్టీరింగు కింద ఫ్యూజుల పెట్టె తెరిచాను. పై వరుసలో మూడోది, నీలం ఫ్యూజు, పళ్ళూడే పిల్లాడి పన్నులా కదులుతోంది. కొత్తది నొక్కి పంపించేశాను. ఆ చిన్న ముక్క లేకపోతే అంత కారూ కదలదు. అప్పటినుంచీ నా పని చొక్కా జేబులో నాలుగు నీలం ఫ్యూజులు ఎప్పుడూ ఉంటాయి.

ఇంతకీ మీ దగ్గర్నుంచి వచ్చిన కారులో డ్యాష్‌బోర్డు డబ్బా మూత దానంతటదే తెరుచుకుంటోందట. మీ కోడలు నాలాగే ఓపిక తక్కువ మనిషి... అయ్యో, మీ కూతురు, నా కోడలు! మొన్న డ్యూటీకి వెళుతుంటే ఆ మూత మోకాలికి తగిలిందని చెప్పింది. శనివారం ఇక్కడికి తెమ్మన్నాను. ఉచితం. పైగా కొత్త మ్యాట్లు వేసి పంపిస్తాను.

మీ గ్యారేజీ వదిన


ఫిబ్రవరి 18

గ్యారేజీ వదినగారికి,

మ్యాట్లు చూశాను. బాగున్నాయి. మీరు మ్యాట్లు వేస్తే నేను ఊరుకుంటానా? ఈ శనివారం వీల్ ఎలైన్‌మెంటు, నురుగు వాషింగు, సీట్లకు వాక్యూమ్, అన్నీ స్టాఫ్ డిస్కౌంటులో వేసి, మిగిలింది నా జీతంలోంచి కట్టాను. వెళ్ళేటప్పుడు ఫుల్ ట్యాంకు పెట్రోలు కొట్టించాను. ఎవరు తక్కువకు చేస్తారన్న మాట ఎప్పుడో పోయింది వదినగారూ, ఎవరు ఎదురు డబ్బిస్తారన్న దాకా వచ్చింది మన వ్యాపారం.

కానీ నాకో అనుమానం. మీ దగ్గర్నుంచి వచ్చిన కారు వెనక తలుపులో కిటకిట. అది మానితే డిక్కీలో గడగడ. మీ చెయ్యి మంచిదని మా ఫోర్‌మన్ అన్న మాట నేను వెనక్కి తీసుకోవాలా? పై శనివారం మళ్ళీ నా దగ్గరికే రమ్మన్నాను. మీరేమీ అనుకోకండి.

కౌంటరు వదిన


మార్చి 6

వదినగారూ, కొంప మునిగింది.

నిన్న అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, ఈ కారు శనిలా పట్టుకుంది. రెండు నెలల్లో ఏడుసార్లు రిపేరు. అమ్మేస్తున్నాం. కొత్తది తీసుకుంటున్నాం. ఐదేళ్ళు ఫ్రీ సర్వీసు, షోరూము మా వీధి చివరే. ఇక మీ ఇద్దరికీ శ్రమ ఉండదు" అంది. ఎంత సంతోషంగా చెప్పిందో! నేను ఫోను పట్టుకుని కౌంటరు వెనక కుర్చీలో కూలబడ్డాను. ఐదేళ్ళు, వదినగారూ! ఐదేళ్ళపాటు మన గుమ్మం తొక్కడానికి వాళ్ళకు ఏ కారణమూ ఉండదు.

ఇప్పుడు మీకు ఒక నిజం చెప్పాలి. చెప్పాక నా మొహం చూడకపోయినా సరే. ఆ డ్యాష్‌బోర్డు డబ్బా మూతకు ఉన్న స్క్రూ తీసింది నేనే. సంతకాలు పెట్టే పెన్ను క్లిప్పుతో తిప్పి తీశాను. మీరు సరిచేసి పంపాక అద్దం మీది దీపం తొడుగు కూడా కాస్త వదులు చేశాను. పని పూర్తయిపోతే మళ్ళీ ఎందుకొస్తారని. బ్రేకు, స్టీరింగు, చక్రాల జోలికి పోలేదు, మా అమ్మాయి మీద ఒట్టు. నా తెలివి నా నెత్తినే పడింది.

మీ పాపిష్టి వియ్యపురాలు


మార్చి 12

కౌంటరు వదినగారూ,

మీ ఉత్తరం కారు కింద పడుకుని చదివాను. నవ్వుతూ లేవబోయి సైలెన్సరుకు తల కొట్టుకున్నాను. బొప్పి కట్టింది. ఆయన ఐసు తెచ్చి పెడుతూ "ఏమైంది" అంటే చెప్పలేక మళ్ళీ నవ్వు.

రోలు వెళ్ళి మద్దెలతో మొర పెట్టుకున్నట్టుంది మన సంగతి. వెనక తలుపు అట్టకు క్లిప్పు పెట్టనిది ఎవరనుకున్నారు? డిక్కీలో జాకీ బిగించకుండా వదిలింది ఎవరనుకున్నారు? ఇరవై ఏళ్ళలో ఒక్క కారు కూడా సగం పనితో గేటు దాటించలేదు నేను. మావాడి కారు రెండుసార్లు దాటింది. ఆ రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. అయినా శనివారం హారను వినపడగానే ఆ సిగ్గంతా ఎగిరిపోయేది. నేనూ బ్రేకుల జోలికి పోలేదు, అంత పాపిని కాదు.

ఇక వినండి. మావాడు కారు అమ్మకానికి పెట్టిన బ్రోకరు నాకు తెలుసు. నిన్ననే ఆ కారు నేను కొనేశాను. పిల్లలకు తెలియదు. లోకంలో అంత బాగా చూసుకున్న కారు ఇంకోటి లేదు, కంపెనీ సర్వీసూ నాకే, గ్యారేజీ సర్వీసూ నాకే అని అదే చెప్పుకుంటున్నట్టుంటుంది. సగం వాటా మీది, తీరిక మీద ఇవ్వండి. కారొస్తే పిల్లలొస్తారన్నారు కదా. కారు మన దగ్గరుంటే మనమే వెళ్దాం. మీరు నడపండి, నేను పక్కన కూర్చుని ఇంజను చప్పుడు వింటాను.

గ్యారేజీ వదిన


మార్చి 19

వదినగారూ,

వాటా డబ్బు వ్యానులో పంపాను, ఫిల్టర్ల పెట్టెలోనే. కానీ నేను నడపడమేమిటి? ఇరవై రెండేళ్ళలో ఏ కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో వేల కార్లకు రాశాను, ఒక్క కిలోమీటరూ నేను తిప్పలేదు. ఇంటికి బస్సులో వెళతాను. మీరే నడపాలి. గ్యారేజీ నడిపే మనిషికి కారు నడపడం ఎంతసేపు?

కౌంటరు వదిన


మార్చి 26

అయ్యో వదినగారూ,

నేను నడిపింది మా షెడ్డు నుంచి గేటు దాకా. ఇరవై అడుగులు ముందుకు, ఇరవై అడుగులు వెనక్కి. ట్రయలుకు రోడ్డెక్కేది ఆయనే. నాకు లైసెన్సు కూడా లేదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. పాపం మీ అల్లుడు మంచివాడే, శని మన నోట్లోనే ఉంది.

డ్రైవింగు స్కూలులో చేరండి. మీకు కాగితం మీద రాసిందల్లా చేసే గుణముంది, త్వరగా వస్తుంది. నేను రోడ్డెక్కితే అందరి ఇంజన్ల చప్పుడూ వింటూ కూర్చుంటాను, ఎవరినో గుద్దేస్తాను.

మీ వదిన


జూన్ 17

గ్యారేజీ వదినగారికి,

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఇంకా నా చేతులు స్టీరింగు పట్టుకున్నట్టే ఉన్నాయి. ముప్పై రెండు క్లాసులు, రెండుసార్లు టెస్టు తప్పడం, మూడోసారి పాసయినప్పుడు పరీక్షాధికారి నాకంటే ఎక్కువ సంతోషించడం, ఇవన్నీ ఆ ఆదివారం మీ గేటు ముందు నుంచి మనం బయల్దేరినప్పుడు సార్థకమయ్యాయి. మీరు "రెండో గేరు, వదినగారూ, రెండో గేరు, అది ఏడుస్తోంది" అని అరుస్తుంటే నేను నవ్వలేక చచ్చాను. సైకిలు మీద వెళ్ళే ఒకాయన మనల్ని దాటేశాడు. మీరు ఆయనకు చెయ్యి కూడా ఊపారు.

ఇప్పుడు అసలు సంగతి. రాయకుండా ఉంటే అన్నం సహించడం లేదు.

ఆ గంట ప్రయాణం తర్వాత టీ దుకాణం దగ్గర ఆగాం కదా. అప్పుడే అమ్మాయి ఫోను చేసింది. "రండమ్మా, కానీ రెండింటికల్లా మేమిద్దరం ఒక చోటికి వెళ్ళాలి, ఒక గంట కూర్చుందాం" అంది. మీరూ విన్నారు. టీ చెప్పడానికి వెళ్ళారు. మీ వీపు చూస్తే నాకు ఏడుపొచ్చింది. మూడు నెలలు డ్రైవింగు నేర్చుకున్నది ఒక గంట కోసమా?

మీరు ఫిబ్రవరిలో రాసిన ఉత్తరం నాకు కంఠతా వచ్చు. స్టీరింగు కింద పెట్టె, పై వరుస, మూడోది, నీలం. నా బ్యాగులో కనుబొమ్మలు సరిచేసుకునే పట్టకారు ఉంది. దాంతో లాగేశాను. మీరు టీ గ్లాసులతో వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

తర్వాత జరిగింది మీకు తెలుసు. కారు కదల్లేదు. పిల్లలు వెళ్ళవలసిన చోటు మానుకుని గంటన్నరలో పరిగెత్తుకొచ్చారు. "ఇది మా పాత కారు కదా!" అని మా అమ్మాయి రోడ్డు మధ్యలో కేకేసింది. తాడు కట్టి మీ ఇంటిదాకా లాక్కెళ్ళారు. వచ్చినవాళ్ళు మూడు రోజులున్నారు. మీ షెడ్డులో బెంచీ మీద నలుగురం వరసగా కూర్చుని నవ్విన నవ్వు నేను జన్మలో నవ్వలేదు.

కానీ మీరు వంగి అంతసేపు వెతికి, "పంపు పోయినట్టుంది" అన్నప్పుడు నా మనసు పీకింది. మిమ్మల్ని మోసం చేశాను. ఒక్కటే అర్థం కాలేదు. మీ జేబులో ఎప్పుడూ నాలుగు ఫ్యూజులు ఉంటాయని మీరే రాశారు. అది నాకు అక్కడే గుర్తొచ్చింది. ఆరోజు మంచి బట్టలు వేసుకున్నారు కాబట్టి, పని చొక్కా ఇంట్లో ఉండిపోయి నేను బతికిపోయానా?

ఫ్యూజు నా పర్సులోనే ఉంది. వ్యానులో పంపనా?

మీ కౌంటరు వదిన


జూన్ 25

కౌంటరు వదినా,

"గారు" తీసేశాను. ఇంత పని చేశాక మన మధ్య ఇంకా గారేమిటి?

కారు కదలదనగానే నేను మొదట తెరిచింది ఆ ఫ్యూజుల పెట్టే. పై వరుసలో మూడో గూడు ఖాళీ. కాలిపోయిన ఫ్యూజైతే గూట్లోనే ఉంటుంది, నడిచి వెళ్ళిపోదు. తల తిప్పి చూస్తే నువ్వు టీ గ్లాసు పట్టుకుని, మబ్బులు లెక్కపెడుతున్నదానిలా పైకి చూస్తున్నావు. నీ బ్యాగు జిప్పు కూడా సరిగ్గా వేయలేదు.

పని చొక్కా ఇంట్లోనే ఉంది. కానీ అందులోవన్నీ చేతిసంచిలోకి మార్చుకోకుండా నేను గడప దాటను. నాలుగు ఫ్యూజులూ నా దగ్గరున్నాయి. ఒకటి నొక్కితే అర నిమిషంలో బయల్దేరేవాళ్ళం. అమ్మాయి ఫోనులో అన్నది నేనూ విన్నాను కదా. టీ చెప్పడానికి వెళ్ళింది కళ్ళు తుడుచుకోవడానికే. అందుకే ఆ పెట్టె మూత పెట్టేసి, పంపు పోయిందన్నాను. ఎప్పుడో ఆ పెద్ద సెంటరువాళ్ళను తిట్టిన మాట నేనే అనవలసి వచ్చింది.

నీకు తెలియనిది ఇంకొకటుంది. తాడు కట్టేముందు మావాడు నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, ఫ్యూజులు చూశావా?" అని అడిగాడు. చూశానన్నాను. అబద్ధం కాదు కదా. వాడికి పదేళ్ళప్పుడు నేను నేర్పిన మొదటి పాఠం అది, కారు కదలకపోతే ముందు ఫ్యూజులు. వాడు నా చేతిసంచి వైపు ఒకసారి చూశాడు. మబ్బులు చూస్తున్న నీ వైపు ఒకసారి చూశాడు. ఆ మూత తెరవకుండానే వెళ్ళి డిక్కీలోంచి తాడు తీశాడు. తర్వాత పక్కకెళ్ళి ఆఫీసుకు ఫోను చేసి మూడు రోజులు సెలవు చెప్పాడు. ఒక కారు లాగడానికి మూడు రోజులెందుకని నేను అడగలేదు.

కారు షెడ్డులోనే ఉంది. పిల్లలు పై నెల మొదటి శనివారం "పంపు" సంగతి చూడటానికి వస్తారట. ఆ గూడు ఖాళీగానే ఉంచాను. ఫ్యూజు వ్యానులో పంపకు. నువ్వే తీసుకురా.

నీ గ్యారేజీ వదిన